లేఅవుట్‌లో పార్కు స్థలం: కర్నూలు, అనంతపురం, కడపల్లో సైటు కొనేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సైటు చూసి వచ్చిన రోజు ఒక ఫోన్, రిజిస్ట్రేషన్ ముందు రోజు ఇంకో ఫోన్, పక్క ఖాళీ జాగాలో ఎవరో బండలు దింపితే కంగారుగా మరో ఫోన్. మా కాలనీ సంఘానికి వచ్చే ప్రశ్నలు తిరిగి తిరిగి ఇవే కావడంతో ఒకచోట రాసి పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. శాతాలు, ఫీజులు జీవోలతో మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఒక మాట అడిగి కట్టండి.

## సైటు చూసేటప్పుడు

లేఅవుట్‌లో ఖాళీ ఎంత వదలాలి? బ్రోకర్ ఒక లెక్క చెప్తాడు, వెంచర్ వాళ్లు ఇంకో లెక్క చెప్తారు.

మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం పార్కు, ఆటస్థలం లాంటి ఓపెన్ స్పేస్ కింద వదలాలి. 2017లో జీవో 275తో వచ్చిన ఆంధ్రప్రదేశ్ లేఅవుట్ నిబంధనల లెక్క ఇది. మన సెంట్లలో చెప్పుకుంటే ఎకరాకు 10 సెంట్లు, అంటే 484 చదరపు గజాలు. ఐదెకరాల వెంచర్‌కు 50 సెంట్లు.

మోసం జరిగేది ఈ లెక్క దగ్గరే. 10 శాతం మొత్తం భూమి మీద కట్టాలి. కొందరు రోడ్లకు పోయింది తీసేసి, మిగిలినదాని మీద కడతారు. ఐదెకరాల్లో రోడ్లకు 30 శాతం పోయిందనుకోండి. అప్పుడు 50 సెంట్ల పార్కు 35 సెంట్లకు దిగుతుంది. పోయిన 15 సెంట్లలో రెండున్నర సెంట్ల సైట్లు ఆరు లేస్తాయి. ‘రోడ్లు, పార్కు కలిపి 40 శాతం వదిలేశాం సార్’ అని ఎవరైనా గొప్పగా చెప్తే, పార్కు ఒక్కదానికే ఎంత వదిలారో విడిగా అడగండి.

ఆ 10 శాతం ఎక్కడ వదలాలనేది వాళ్లిష్టమేనా?

ప్లాన్ గీయించేది వాళ్లే కాబట్టి మొదటి మాట వాళ్లదే. ఆమోదించే అధికారి మార్చమనవచ్చు, మార్పించిన సందర్భాలూ ఉన్నాయి. అయినా చాలా వెంచర్లలో పార్కు ఎక్కడుంటుందో చూడకుండానే చెప్పొచ్చు. మూలన మిగిలిన త్రికోణం ముక్క, వీధిపోటు ఉందని ఎవరూ కొనని జాగా, బండరాయి తేలిన గుట్ట వాలు, హైటెన్షన్ టవర్ లైన్ కింది పట్టీ. లైన్ కింద ఎలాగూ ఇల్లు కట్టనివ్వరు, దాన్ని గ్రీన్ బెల్ట్‌గా ఉంచాలనే నిబంధన కూడా ఉంది. అలాంటి జాగాలో పచ్చదనం వస్తుందేమో కానీ పిల్లల ఆటస్థలం రాదు.

అందుకే బ్రోషర్ పక్కన పెట్టి, లేఅవుట్ ప్లాన్ జిరాక్స్ చేత్తో పట్టుకుని ఆ జాగాలోకి నడిచి వెళ్లండి. నాలుగు మూలలా హద్దురాళ్లు ఉన్నాయా? రోడ్డు మీది నుంచి నేరుగా లోపలికి పోవచ్చా? వానాకాలంలో నీళ్లు నిలుస్తాయా? చివరి ప్రశ్న వెంచర్ వాళ్లను కాదు, పక్క పొలం రైతును అడగండి.

వెంచర్ పక్కన వంక ఉంది. దాని గట్టునే పార్కుగా చూపిస్తున్నారు. ఒప్పుకోవచ్చా?

ఇక్కడ రెండు వేర్వేరు జాగాలను ఒకటిగా కలిపి చూపిస్తుంటారు. వంకకు, చెరువుకు పక్కన వదలాల్సిన బఫర్ వేరు, లేఅవుట్‌కు వదలాల్సిన 10 శాతం వేరు. 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగుకు, కాలువకు 9 మీటర్లు, అంతకు లోపున్నదానికి 2 మీటర్లు. తుంగభద్ర, హంద్రీ లాంటి నదులకు ఇంకా ఎక్కువ. ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాకా అనేది వెంచర్ వాళ్లు చెప్పేది కాదు, ఇరిగేషన్, రెవెన్యూ శాఖలు కొలిచి ఇవ్వాలి.

బఫర్ పట్టీని ఓపెన్ స్పేస్‌లో చూపించడానికి నిబంధనల్లో కొంత వెసులుబాటు ఉంది. వంక గర్భాన్ని, ఎఫ్‌టీఎల్ లోపలి జాగాను చూపించడానికి మాత్రం లేదు. ప్లాన్‌లో పార్కు అన్నచోట నిలబడితే కాళ్ల కింద ఇసుక, చుట్టూ సర్కారు కంప కనిపిస్తే అది వంకే.

మన మూడు ఊళ్లకూ ఇది పుస్తకాల్లో మాట కాదు. 2009 అక్టోబరులో కర్నూలు ఎలా మునిగిందో చూసిన కళ్లు ఇంకా ఉన్నాయి. కడపలో బుగ్గవంక పొంగితే ఏ వీధులు మునుగుతాయో ఊరందరికీ తెలుసు. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీల్లోకి వచ్చింది. ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్లు కూడా సరిగా కురవని జిల్లా కదా అని వంకను తేలిగ్గా తీసుకుంటాం. ఏళ్ల తరబడి ఎండి ఉండటం వల్లే దాంట్లో ఇళ్లు లేస్తాయి.

మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఆకుపచ్చ రంగులో ఉంది. కొంటే ఇల్లు కట్టుకోవచ్చా?

ఏ ఆకుపచ్చ అనేది తేల్చుకోండి. మ్యాపులో వ్యవసాయ జోన్‌కు ఒక రంగు, పార్కులు, ఆటస్థలాల జోన్‌కు ఇంకో రంగు వేస్తారు, జిరాక్స్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. వ్యవసాయ జోన్ అయితే నివాస జోన్‌గా మార్పించుకోవడానికి దరఖాస్తు చేసుకునే దారి ఉంది. పార్కుల జోన్ అయితే ఆశ పెట్టుకోకపోవడం మంచిది. రంగు చూసి కొనకుండా, సర్వే నంబరు రాసి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. నగరంలో అయితే కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ఇస్తారు. బయట అయితే అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీలో ఇస్తారు: కర్నూలు వైపు కుడా, అనంతపురం వైపు అహుడా, కడప వైపు అన్నమయ్య అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ.

‘పంచాయతీ అప్రూవల్ ఉంది’ అంటున్నారు. చాలదా?

చాలదు. పంచాయతీ సంతకం పెట్టిన లేఅవుట్‌కైనా డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) లేదా అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ సాంకేతిక ఆమోదం ఉండాలి. ఎల్పీ నంబరు (ఆమోదం పొందిన లేఅవుట్‌కు ఇచ్చే నంబరు) అడగండి. నంబరు చెప్పకుండా ‘ప్రాసెస్‌లో ఉంది’ అంటే లేదని అర్థం.

ఇప్పుడు పార్కు లేదు, ‘ఫేజ్ టూలో వస్తుంది’ అని చెప్తున్నారు.

రాదనుకునే బేరమాడండి.

## అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్ దగ్గర

లింకు డాక్యుమెంట్లు లాయర్ చూశాడు. పార్కు కోసం ప్రత్యేకంగా చూడాల్సిన కాగితం ఏదైనా ఉందా?

ఉంది, గిఫ్ట్ డీడ్. లేఅవుట్‌లోని రోడ్లను, ఓపెన్ స్పేస్‌ను వెంచర్ యజమాని స్థానిక సంస్థ పేరున, అంటే కార్పొరేషన్, మునిసిపాలిటీ లేదా పంచాయతీ పేరున ఉచితంగా రిజిస్టరు చేసి ఇవ్వాలి. ఆ దస్తావేజు నంబరు అడగండి. లాయర్లు మీ సైటు టైటిల్‌ను జల్లెడ పడతారు కానీ ఈ కాగితం జోలికి సాధారణంగా పోరు. మీ సైటుకు దాంతో పని లేదు కదా అనుకుంటారు.

మా చుట్టుపక్కల మేం చూసిన పార్కు తగాదాల్లో ఎక్కువ భాగం మూలం ఇక్కడే ఉంది. ప్లాన్‌లో పార్కు ఉంటుంది, గిఫ్ట్ డీడ్ మాత్రం ఉండదు. యజమాని పోయాక వారసులు వస్తారు. రెవెన్యూ రికార్డులో ఆ 50 సెంట్లు ఇంకా తాత పేరునే కనిపిస్తాయి. వాళ్లు పంచుకుంటారు, అమ్ముకుంటారు.

వెతకడం కష్టమేమీ కాదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో గానీ, మీసేవలో గానీ సర్వే నంబరు పెట్టి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయండి. మీ ప్లాట్ నంబరుతో కాదు, మొత్తం సర్వే నంబరుతో తీయాలి. అందులో కమిషనర్ పేరునో, పంచాయతీ పేరునో గిఫ్ట్ ఎంట్రీ ఉండాలి. దాంట్లోని విస్తీర్ణం, ప్లాన్‌లోని విస్తీర్ణం సరిపోవాలి, హద్దులూ కలవాలి. ఎంట్రీ లేకపోతే అడ్వాన్సు ఇవ్వకుండా ఆగండి. డబ్బు చేతిలో ఉన్నంతవరకే మీ మాటకు విలువ.

టెంటేటివ్ అప్రూవల్ వచ్చిన వెంచర్‌లో కొనొచ్చా?

టెంటేటివ్ అంటే ‘ఈ ప్లాన్ ప్రకారం పనులు చేసుకో’ అని అనుమతి మాత్రమే. రోడ్లు, కాలువలు, కరెంటు, పార్కు హద్దులు పూర్తయ్యాక ఫైనల్ లేఅవుట్ ఇస్తారు. పనులు చేయకుండా పోతారేమోనని 15 శాతం ప్లాట్లను స్థానిక సంస్థకు తనఖా పెట్టించుకుంటారు. మీకు అమ్ముతున్న ప్లాటు ఆ తనఖాలో ఉందేమో నంబరుతో సహా సరిచూసుకోండి. ఫైనల్ వచ్చాక కొంటే రేటు కొంచెం ఎక్కువే ఉంటుంది, టెన్షన్ అంతకంటే ఎక్కువ తగ్గుతుంది.

‘పార్క్ ఫేసింగ్’ అని ఎక్కువ రేటు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

గిఫ్ట్ డీడ్ రిజిస్టరై, చుట్టూ గోడో కంచెనో ఉంటే ఇవ్వొచ్చు. లేకపోతే మీరు ఎక్కువ ఇచ్చేది ఖాళీగా కనిపిస్తున్న జాగాకు. రేపు అక్కడ మిద్దె లేచినా మీ డాక్యుమెంట్‌లో ‘తూర్పున పార్కు’ అన్న హద్దు మాత్రం మిగులుతుంది. ఆ హద్దు మాట అయినా తప్పకుండా రాయించుకోండి. తగాదా వచ్చిన రోజు అదీ ఒక సాక్ష్యమే.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉంటే పార్కుకు ఏం రక్షణ?

500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి మామూలు వెంచర్లన్నీ దాని కిందికి వస్తాయి. 2016 రెరా చట్టం పార్కులను, ఆటస్థలాలను కామన్ ఏరియాగా లెక్కిస్తుంది. 14వ సెక్షన్ ప్రకారం, ఆమోదం పొందిన లేఅవుట్‌ను, కామన్ ఏరియాలను మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అగ్రిమెంటు రోజు ఇచ్చే కాగితాల కట్టలో ‘భవిష్యత్ మార్పులకు సమ్మతి’ అని ఒక పేజీ చొప్పించే అలవాటు కొందరికి ఉంది. సంతకం పెట్టే ముందు ఆ పేజీ కోసం వెతకండి.

అప్రూవల్ లేని లేఅవుట్‌లో మూడు సెంట్లు కొనేశాను. ఓపెన్ స్పేస్ ఛార్జీలు కట్టమంటున్నారు. పార్కు లేనిదానికి నేనెందుకు కట్టాలి?

పార్కు లేదు కాబట్టే కడుతున్నారు. వదలాల్సిన జాగా వదలకుండా మీకు అమ్మేశారు, ఆ లోటుకు మీ ప్లాటు వంతు డబ్బు మీ దగ్గర తీసుకుంటారు. 2020 జనవరిలో వచ్చిన లేఅవుట్ క్రమబద్ధీకరణ నిబంధనల్లో ఇది ప్లాటు విలువలో 14 శాతం. తర్వాతి స్కీముల్లో రాయితీలు, గడువులు మారాయి కాబట్టి అప్పటికి అమల్లో ఉన్న జీవో చూసుకుని కట్టండి. న్యాయంగా ఇది అమ్మినవాడు కట్టాల్సిన డబ్బు. ఇంకో బాధ ఏమిటంటే, ఆ డబ్బుతో మీ వీధిలోనే పార్కు వస్తుందన్న హామీ లేదు. చుట్టూ జాగా అంతా అమ్ముడుపోయాక పార్కు ఎక్కడ పెడతారు?

## ఇల్లు కట్టేటప్పుడు

నా సైటులో ముందు, పక్కన సెట్‌బ్యాక్ వదిలాను. అదీ ఓపెన్ స్పేస్ కిందికే వస్తుందా?

రాదు. సెట్‌బ్యాక్ మీ సొంత జాగాలో గాలి, వెలుతురు, ఫైరింజను కోసం వదిలేది. ఓపెన్ స్పేస్ అందరిదీ. ఒకటి ఎక్కువ వదిలామని రెండోది తగ్గదు. ‘ముందర పార్కే ఉంది కదా, సెట్‌బ్యాక్ ఎందుకు’ అని బేల్దారి చెప్పినా వినకండి, కొలతలు చూసేవాళ్లు వినరు.

పార్కు వైపు గేటు పెట్టుకోవచ్చా?

కుదరదు. పార్కు రోడ్డు కాదు. మీ సెట్‌బ్యాక్ వదిలి కిటికీలు ఎన్నైనా పెట్టుకోండి. గేటు పెడితే మొదట కాలిబాట పడుతుంది, తర్వాత కారు నిలుస్తుంది, పదేళ్లకు అది మీ దారి అని మీ పిల్లలే వాదిస్తారు.

ఇల్లు పూర్తయ్యేదాకా ఇసుక, కంకర పార్కులో పోసుకుంటే తప్పా?

ఇంటి ముందు జాగా లేనివాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది. నాలుగు నెలలకని పోసుకుని, పని అయ్యాక మట్టి, బండ ముక్కలు అక్కడే వదిలేయడమే అసలు సమస్య. అలా రెండిళ్లు చేస్తే ఆ జాగాకు పార్కు అన్న పేరు పోయి చెత్తదిబ్బ అన్న పేరు వస్తుంది. సంఘానికి చెప్పి, ఎత్తేస్తామని రాసిచ్చి పోసుకోండి.

## కాలనీలో ఇళ్లు లేచాక

అసలు పార్కు స్థలం ఎవరిది? మాదా, మునిసిపాలిటీదా?

గిఫ్ట్ డీడ్ అయితే కాగితం మీద స్థానిక సంస్థది. అలాగని అమ్ముకునే హక్కు దానికి రాదు, ప్రజల తరఫున కాపలా కాయడమే దాని పని. కాలనీవాళ్లకు వాడుకునే హక్కు, కాపాడమని అడిగే హక్కు ఉన్నాయి.

అందరం కలిసి చందాలేసుకుని పార్కులో రామాలయం కట్టుకుందాం అనుకుంటున్నాం. ఎవరికీ అభ్యంతరం లేదు.

మమ్మల్ని ఎక్కువ ఇరుకున పెట్టే ప్రశ్న ఇదే. వద్దంటే దేవుడికి అడ్డం పడ్డామంటారు. అయినా చెప్పక తప్పదు. 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం వీధుల్లో, పార్కుల్లో, బహిరంగ స్థలాల్లో గుడి, చర్చి, మసీదు, గురుద్వారా ఏ పేరుతోనూ అనుమతి లేని కొత్త నిర్మాణం జరగకూడదు. అందరూ ఒప్పుకున్నారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఇందులో ఇంకో కోణం ఉంది. ఒక మూలన గుడి కడితే రెండో మూలకు ఇంకొకరు వస్తారు, వాళ్లను ఆపే నోరు మీకు ఉండదు. కబ్జాదారు కూడా అదే పట్టుకుంటాడు. ‘మీరు కట్టలేదా?’ అని కోర్టులో అడిగితే జవాబు దొరకదు. భక్తి నిజమైతే తలా ఇంత వేసుకుని కాలనీలో రెండు సైట్లు కొని కట్టండి. అలా చేసిన కాలనీలూ మన జిల్లాల్లో ఉన్నాయి.

ప్రభుత్వమే మా పార్కులో సచివాలయమో, అంగన్‌వాడీయో కడతామంటోంది. అదీ ప్రజల పనే కదా?

మంచి పనే కానీ దాని చోటు అది కాదు. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని వదిలిన స్థలాన్ని ఆసుపత్రి కట్టడానికి ఒక ట్రస్టుకు కేటాయించారు. కాలనీవాసులు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపును తప్పుపట్టింది. పార్కుకని ఉంచిన జాగాను పాలకులు ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదని, కాలనీవాసులకు అడిగే హక్కు ఉందని చెప్పింది. ఆసుపత్రికే చెల్లనిది ఆఫీసుకు చెల్లుతుందా? నీళ్ల ట్యాంకు విషయంలో మాత్రం మేం కొంచెం మెత్తగా ఉంటాం. కాలనీకే నీళ్లిచ్చే ట్యాంకు ఒక మూలన పెట్టి మిగతా జాగాకు ప్రహరీ కట్టిస్తామని రాసిస్తే, మన ఎండల్లో, మన నీళ్ల కష్టాల్లో, ఒప్పుకోవడం గురించి సంఘం ఆలోచించొచ్చు.

మునిసిపాలిటీ పట్టించుకోవడం లేదు. మేమే బాగు చేసుకోవచ్చా?

కమిషనర్‌కు అర్జీ పెట్టి, అనుమతి కాగితం తీసుకుని చేయండి. పనుల్లో వరుస ముఖ్యం. అందరూ మొదట సిమెంటు బెంచీలు, జిమ్ సామాన్లు అడుగుతారు. వాటికంటే ముందు సర్వేయర్‌తో హద్దులు కొలిపించండి, కడీలు పాతి కంచె వేయండి, బోర్డు పెట్టండి. బోర్డు మీద ‘పార్కు’ అని రాస్తే చాలదు. ఎల్పీ నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం, గిఫ్ట్ డీడ్ నంబరు రాయించండి. కొనడానికి వచ్చినవాడు ఆ బోర్డు చదివి వెనక్కి పోవాలి.

చెట్లలో వేప, కానుగ మన నేలకు తట్టుకుంటాయి, రెండు వేసవులు నీళ్లు పోస్తే చాలు. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ నాటకండి, 2023లో గుజరాత్ దాన్ని నిషేధించింది. పల్లంలో ఒక ఇంకుడు గుంత తీస్తే చుట్టుపక్కల బోర్లకు మేలు. నేల మొత్తం బండలు పరిచేస్తే ఆ మేలు పోతుంది. బండ చౌకగా దొరికే జిల్లాలు కావడంతో ఆ పని మనవాళ్లు కొంచెం ఎక్కువే చేస్తుంటారు.

పక్క కాలనీ పిల్లలు వచ్చి గొడవ చేస్తున్నారు. తాళం వేసుకోవచ్చా?

రాత్రి వేసుకోండి. పగలు కుదరదు, స్థానిక సంస్థకు రాసిచ్చాక అది అందరి జాగా.

## కబ్జా మొదలైతే

పార్కు స్థలంలో హద్దురాళ్లు పాతి సైట్లుగా అమ్ముతున్నారు. ముందు ఏం చేయాలి?

గొడవకు వెళ్లకుండా ఫొటోలు తీయండి. తేదీ కనిపించాలి. అదే రోజు కమిషనర్‌కు లేదా పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. సబ్ రిజిస్ట్రార్‌కు ఒక కాపీ ఇవ్వండి. ఆ జాగాను రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) పెట్టించమని స్థానిక సంస్థను అడగండి. కంచె వేసేకంటే ముందు ఈ పని జరిగితే అమ్మకాలే ఆగిపోతాయి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీకి నంబరు వస్తుంది, దాన్ని దాచుకోండి. ఆమోదిత ప్లాన్, గిఫ్ట్ డీడ్ నకళ్లు మీ దగ్గర లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కొన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇక చేసేదేమీ లేదా?

ఉంది. అమ్మినవాడికి లేని హక్కు రిజిస్ట్రేషన్‌తో కొన్నవాడికి పుట్టదు. కొన్నవాళ్లు కూడా మోసపోయినవాళ్లే కావచ్చు, వాళ్లతో మర్యాదగా మాట్లాడి కాగితాలు చూపించండి. కొందరు అమ్మినవాడి మీద కేసు పెట్టి మీ వైపే వస్తారు.

ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ స్కీము) వస్తే పార్కులో కట్టిన ఇళ్లను రెగ్యులరైజ్ చేసేస్తారట కదా?

2020 నిబంధనల్లో లేఅవుట్ ఓపెన్ స్పేస్‌లోని ప్లాట్లకు, చెరువు, కుంట గర్భంలోని ప్లాట్లకు క్రమబద్ధీకరణ లేదు. దరఖాస్తు పెట్టిన రసీదు చూపించి ‘అయిపోయింది’ అంటారు. రసీదు వేరు, ఉత్తర్వు వేరు.

మాది చాలా పాత లేఅవుట్. గిఫ్ట్ డీడ్ ఎక్కడా దొరకడం లేదు. వారసులు మాదే అంటున్నారు.

కాగితం లేనంతమాత్రాన జాగా వాళ్ల సొంతం కాదు. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ మీద చేత్‌రామ్ వశిష్ఠ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. చట్టంలో లేకుండా, పార్కు లాంటివాటికి వదిలిన జాగాను ఉచితంగా తన పేరున రాయమని కార్పొరేషన్ షరతు పెట్టకూడదన్నది ఒకటి. పార్కు, స్కూలు వంటివాటికని వదిలిన జాగాను యజమాని ట్రస్టీలా కాపాడాలే తప్ప వేరే పనికి వాడకూడదన్నది రెండోది. మీకు పనికొచ్చేది రెండోది. ఆమోదిత ప్లాన్ నకలు, అప్పట్లో ‘పార్కు’ హద్దుగా రాసిన పాత సేల్ డీడ్లు సంపాదించండి. ఆ వీధిలో మొదట ఇల్లు కట్టిన పెద్దవాళ్ల బీరువాల్లో ఇవి దొరుకుతాయి.

కోర్టుకు సంఘమే వెళ్లాలా, నేనొక్కడినే వెళ్లొచ్చా?

ఒక్కరైనా హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఫిర్యాదు ఇచ్చినా స్థానిక సంస్థ కదలలేదని చూపించాలి, ముద్ర వేసిన కాపీలు అక్కడే అక్కరకొస్తాయి. సివిల్ కోర్టులో అయితే బహిరంగ స్థలానికి అడ్డంకి కింద సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 91వ సెక్షన్‌తో ఇద్దరు కలిసి, కోర్టు అనుమతి తీసుకుని వేయొచ్చు. పేరు బయటపడుతుందని భయమున్నచోట సంఘం పేరున వేయడం మేలు. అందుకు సంఘం రిజిస్టరై ఉండాలి, ఫలానావారు కేసు నడపాలని తీర్మానం రాసి సంతకాలు చేయించాలి. మినిట్స్ పుస్తకంలో ఆ తీర్మానం లేకపోతే అవతలి లాయర్ మొదటి వాయిదాలోనే దాన్ని పట్టుకుంటాడు.